నూతి పక్క కిటికీ

ఏలీయాకి కోపం ఎక్కువని ఊరంతా చెప్పుకుంటారు. ఎందుకు ఎక్కువో మాత్రం ఒక్కరూ చెప్పుకోరు. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు అది. అక్కడి కొబ్బరి తోటల్లో ముప్ఫై ఏళ్ళుగా దింపు తీస్తున్నాడు ఏలీయా. కాళ్ళకి తాడు బంధం, మొలకి కత్తి, అదే అతని సరంజామా. చెట్టు మీద ఉన్నంతసేపూ మహా శాంతంగా ఉంటాడు, కూనిరాగం కూడా తీస్తాడు. ఒళ్ళు మండే సంగతులన్నీ కిందకి దిగాకే మొదలవుతాయి.

ఆ సంగతుల్లో మొదటిది పెద్దిల్లు. ఆ ఇంటి తోటలో ఏలీయా తండ్రి దింపు తీశాడు, తర్వాత ఏలీయా తీశాడు. రెండు తరాలవాళ్ళు ఆ ఇంటి కాయలు దించారు గానీ ఆ ఇంటి మెట్టు ఒక్కటి ఎక్కలేదు. ఎక్కనివ్వలేదు. ఏలీయావాళ్ళది ఊరి చివర పేట. ఒకప్పుడు అంటరానివాళ్ళని ఊరు తోసేసిన చోటు. తర్వాత అక్కడ చర్చి వచ్చింది, బడి వచ్చింది, కరెంటు వచ్చింది. పెద్దింటి పెరట్లో మాత్రం పాత రోజులే నడుస్తున్నాయి. పేట మనిషి పశువుల పాక దాకా రావచ్చు. నూతి దగ్గరకి రాకూడదు. దాహమంటే ఎవరో చేద పట్టుకొచ్చి పైనుంచి పోస్తారు, దోసిలి పట్టి తాగాలి. చట్టాలొచ్చి ఎన్నేళ్ళయిందో ఉపన్యాసాల్లో చెప్పే పెద్దమనుషులే ఇంటికొచ్చి ఇలా పోయిస్తారు. సిగ్గు లేకపోతే సరి.

ఏలీయా మీసాలు రాని వయసులో ఉండగా తండ్రి ఆ తోటలోనే వానకి తడిసిన చెట్టు మీంచి జారి పడ్డాడు. నడుం విరిగింది. నలుగురూ మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టబోతే ఆ ఇంటి యజమాని లోపలినుంచే, "అక్కడ కాదురా, పాకలో" అన్నాడు. పాక కురుస్తోంది. బండి వచ్చేదాకా ఆ మనిషి గేదెల మధ్య తడుస్తూ మూలిగాడు. కొన్నాళ్ళు మంచంలో తీసుకుని పోయాడు. ఆ యజమాని కొడుకే బుచ్చిరాజు. ఇప్పుడు ఊళ్ళో నీటి సంఘానికి ప్రెసిడెంటు.

అదే ఇంట్లో వెనకవైపు గదిలో బుచ్చిరాజు పెద్దమ్మ సుబ్బాయమ్మ ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. మంచం పట్టాక ఆవిడని కనిపెట్టుకుని ఉన్నది రమణమ్మ. మొగుడు వదిలేసిన మనిషి. కాలవ పక్కన సుబ్బాయమ్మ సొంత స్థలం కొద్దిగా ఉంటే అందులో పాక వేసుకుని, పగలూ రాత్రీ ఆవిడకి సేవ చేసింది. తొంభై ఆరు తుపానులో ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే ముసలావిడ మీద బోర్లా పడుకుని, తన వీపున పెంకులు పడనిచ్చింది. తెల్లారాక బుచ్చిరాజు గొడుగేసుకుని వచ్చి, "పెద్దమ్మా, కొబ్బరి చెట్లు సగం పోయాయి" అన్నాడట. నువ్వు బతికున్నావా అని అడగలేదట. సుబ్బాయమ్మ అప్పుడే అనుకుంది, ఆ కాలవ పక్క స్థలం రమణమ్మకి రాసెయ్యాలని.

మరుసటి వేసవిలో రాసింది. రాసిపెట్టినవారు పక్క వీధి ఆంజనేయప్రసాద్ మేస్టారు, రిటైరయిన పెద్దమనిషి. వీలునామాకి ఇద్దరు సాక్షులుండాలి. ఒకరు మేస్టారే. రెండోవారెవరని ఆయన అడిగితే, చుట్టాలందరూ బుచ్చిరాజు చెప్పుచేతల్లో వాళ్ళే కనక సుబ్బాయమ్మ, "ఏలీయాని పిలవండి. వాడికి సంతకం వచ్చు, భయం రాదు" అంది.

ఏలీయా పాక దగ్గర కాయలు పోగేస్తున్నాడు. కిటికీలోంచి పిలుపొచ్చింది. "ఒరే ఏలీయా, ఇటు రా. నుయ్యి ముట్టుకోకుండా గోడవారగా రా."

ఆ కిటికీ నూతి పక్కనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక అటు అడుగు పెట్టడం ఏలీయాకి అదే మొదలు. గోడకి ఒళ్ళు రాసుకుంటూ వెళ్ళాడు. కిటికీ చువ్వల అవతల మంచం, మంచం మీద దిండుకి ఆనుకుని సుబ్బాయమ్మ, కుర్చీలో మేస్టారు కనిపించారు. మేస్టారు కాగితంలో ఉన్నది గట్టిగా చదివారు. సుబ్బాయమ్మ పీట మీద పెట్టుకుని సంతకం చేసింది. మేస్టారు చేశారు. తర్వాత కాగితం కిటికీ గట్టు మీద పెట్టారు. కలం సుబ్బాయమ్మ మంచం మీంచే చెయ్యి చాపి అందించబోయింది గానీ ఏలీయా చేతికి ఇవ్వలేదు, కాగితం పక్కన పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏలీయా తీసుకుని, ఆవిడ చూస్తుండగా, చర్చి బడిలో నేర్చుకున్న పొడుగాటి సంతకం పెట్టాడు. కలం తిరిగి చాపితే ఆవిడ, "వద్దులేరా, నువ్వే ఉంచుకో" అంది.

ఎందుకు ఉంచుకోమందో తెలియనంత వెర్రివాడు కాదు ఏలీయా. తన స్థలం సంగతి తన చుట్టాలకంటే వీడి చేతిలోనే పదిలమని నమ్మిన మనిషి, ఆ చేతిలోంచి కలం వెనక్కి తీసుకోలేకపోయింది. మంచిదే, సందేహం లేదు. రమణమ్మని కూతురిలా చూసింది. ఆ మంచితనం కిటికీ చువ్వల దాకా వచ్చి ఆగిపోయింది. ఏలీయా కలం జేబులో పెట్టుకుని పాక దగ్గరకి వచ్చి మళ్ళీ కాయలు పోగెయ్యడం మొదలుపెట్టాడు.

తర్వాతి సంక్రాంతికి ముందే సుబ్బాయమ్మ పోయింది. ఏడాది తిరిగాక మేస్టారూ పోయారు. మేస్టారు పోయిన కబురు తెలిశాకే బుచ్చిరాజుకి ధైర్యం వచ్చింది. రమణమ్మ పాక ముందుకొచ్చి, అక్కడ రొయ్యల చెరువుకి దారి వేసుకుంటున్నానని, సామాను తీసెయ్యమని అన్నాడు. ఆవిడ వీలునామా చూపిస్తే దొంగ కాగితమన్నాడు. "ఏలీయా సాక్షా? వాడు మా పెద్దమ్మ గది ఎప్పుడు చూసేడు?" అని అందరి ముందూ నవ్వాడు.

రమణమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. అమలాపురం వెళ్ళి జ్యోతిర్మయి అనే ప్లీడరమ్మని పట్టుకుని కేసు వేసింది. సాక్ష్యం దగ్గర పడ్డాక ఏలీయాని వెంటబెట్టుకుని వెళ్ళింది. ప్లీడరమ్మ కుర్చీ చూపించి, "కూర్చోండి ఏలీయాగారూ" అంది. ఏలీయా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చనిపోయినావిడ వచ్చి అవుననీ అనలేరు, కాదనీ అనలేరు. అందుకే ఆవిడతో జరిగిన వ్యవహారం గురించి ఎవరు మాట్లాడినా కోర్టు ఆ మాట జల్లెడ పడుతుందండి" అంది జ్యోతిర్మయి. "రమణమ్మగారు నిజమే చెప్తారు. కానీ స్థలం ఆవిడకే వస్తుంది కాబట్టి ఆవిడ మాట ఒక్కటీ సరిపోదు. మేస్టారు లేరు. సంతకం పెట్టిన సాక్షుల్లో బతికున్నది మీరే. మీ ముగ్గురి సంతకాల సంగతీ మీరొక్కరే చెప్పాలి. ఆవిడ పెడుతుంటే మీరు చూసేరా? మీరు పెడుతుంటే ఆవిడ చూసేరా?"

"ఆయ్. కళ్ళారా చూసేనండి."

"ఎక్కణ్ణించి?"

"కిటికీ బయట నించండి."

రమణమ్మ చటుక్కున ఏలీయా వైపు తిరిగింది. "గదిలోనే ఉన్నానని అనెయ్ అన్నయ్యా" అంది. "ఒక్క ముక్క. నీకు దణ్ణం పెడతాను. నా గూడు పోతుంది."

"ఎలా అనమంటావు?" అంటూ లేచి నిలబడ్డాడు ఏలీయా. "మా బాబుని వానలో గేదెల మధ్య పడేసిన కొంప అది. నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు. ఇప్పుడు కోర్టులో నిలబడి, అబ్బే, నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టేరండీ అని నా నోటితో నేనే వాళ్ళ పరువు కాపాడాలా? చచ్చినా అనను."

"అనక్కర్లేదండి. కూర్చోండి" అంది జ్యోతిర్మయి. "కిటికీలోంచి చూసినా చూసినట్టే. మీకు ఆవిడ కనబడాలి, ఆవిడకి మీరు కనబడాలి. మధ్యలో గోడ ఎందుకుందో చట్టానికి అక్కర్లేదు."

"చట్టానికి అక్కర్లేదేమో గానండి, నాకు కావాలి" అన్నాడు ఏలీయా.

వాయిదా రోజున చర్చి బట్టలు కట్టుకుని బోనెక్కాడు. జ్యోతిర్మయి అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పాడు. మధ్యలో, "ఈ స్థలం రమణమ్మకేరా అని అమ్మగారు నాతో అన్నారండి" అనబోతే బుచ్చిరాజు ప్లీడరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు, చనిపోయినావిడ అన్న మాటలు ఈయన నోట వినడానికి వీల్లేదంటూ. జడ్జిగారు, "నువ్వు చూసింది చెప్పు బాబూ, వాళ్ళన్న మాటల సంగతి మేము చూసుకుంటాం" అన్నారు. సరే, చూసిందే చెప్పాడు.

తర్వాత బుచ్చిరాజు ప్లీడరు బోను దగ్గరకొచ్చాడు. "ఆ ఇంటి మెట్టు ఎప్పుడైనా ఎక్కేవా?"

"లేదండి."

"ఆ కిటికీ నూతి పక్కనే కదా. నూతి దగ్గరకి మీవాళ్ళని రానివ్వరు. అవునా, కాదా?"

"అవునండి. రానివ్వరు."

"రానివ్వని చోటికి నువ్వెలా వెళ్ళేవు మరి?"

"ఆవేళ అమ్మగారు రమ్మన్నారండి."

"రమ్మన్నానని ఆవిడ వచ్చి చెబుతుందా?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఏలీయాకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆవిడెలా వస్తుందండీ? నేను వెళ్ళేనంటే మీరు ఒప్పుకోరు. రానివ్వం అని మాత్రం కోర్టులో నిలబడి మీరే చెప్తున్నారు. ముందు అది రాయండయ్యా!" అని అరిచాడు. జడ్జిగారు బల్ల మీద తట్టి, నెమ్మదిగా మాట్లాడమన్నారు. కానీ ఆయన రాయించారు. ప్లీడరు అడిగిందీ రాయించారు, ఏలీయా చెప్పిందీ రాయించారు. జ్యోతిర్మయి ఆ ముక్క కింద గీత గీసుకుంది.

తర్వాతి వాయిదా బుచ్చిరాజుది. ఇస్త్రీ చొక్కా, జేబులో బంగారు రంగు కలం. వెనక బెంచీల్లో నీటి సంఘం మనుషులు కూర్చున్నారు, ప్రెసిడెంటుగారి దర్జా చూడ్డానికి. ఏలీయా, రమణమ్మ పక్కపక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డారు. బుచ్చిరాజు మొదలుపెట్టడమే, "మా పెద్దమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, అంతా నీదేరా నాయనా అందండి" అని మొదలుపెట్టాడు. ఏలీయా పళ్ళు కొరికాడు. తనకి పనికిరానిది ఈయనకెలా పనికొచ్చిందో! చచ్చిపోయిన మనిషి నోట్లోంచి ఎవడికి కావలసిన మాట వాడు లాక్కోవడమేనా! జ్యోతిర్మయి అభ్యంతరం చెబితే ఆ మాటా పక్కన పెట్టారు. అప్పటికి ఏలీయాకి కొంచెం ఊపిరాడింది.

జ్యోతిర్మయి లేచింది. గొంతు పెంచలేదు.

"ఏలీయా ఆ కిటికీ దగ్గరకి వచ్చే అవకాశమే లేదంటున్నారు మీరు. పెరట్లో అడ్డంగా గోడ ఉందాండి?"

"లేదండి."

"గేటు? తాళం?"

"లేదండి."

"మరి ఎందుకు రాలేడు? నూతి దగ్గరకి వాళ్ళవాళ్ళని రానివ్వరని మీ ప్లీడరుగారు మొన్న అన్నారు, రికార్డులో ఉంది. అది మీ ఇంటి ఆచారమా? ఆలోచించుకుని చెప్పండి. అది నేరం."

జడ్జిగారు రాత ఆపి తలెత్తి చూశారు. బుచ్చిరాజు తన ప్లీడరు వైపు చూశాడు. ఆయన కాగితాల్లో తల దూర్చాడు. బుచ్చిరాజు వెనక బెంచీల వైపు చూశాడు. సంఘంలో పేటవాళ్ళ ఓట్లూ ఉన్నాయి, వాళ్ళ మనిషి ఒకడు అక్కడే కూర్చున్నాడు. బుచ్చిరాజు మొహం మీదకి నవ్వు తెచ్చుకున్నాడు.

"అబ్బెబ్బే! అలాంటి పట్టింపులు మా ఇంట్లో లేవండి. ఏలీయాగారు మా ఇంటి మనిషేనండి. నూతి దగ్గరకేంటి, గదుల్లోకి కూడా వస్తారు, పోతారు."

ఏలీయాగారు! గారు కూడా తగిలించాడు.

"సుబ్బాయమ్మగారి గదిలోకి కూడానా?"

"ఎక్కడికైనానండి."

"ఎప్పటినించీ?"

"మా నాన్నగారి హయాం నించీనండి."

ఆ మాటకి ఏలీయా గోడ వదిలి ముందుకొచ్చాడు. నాన్నగారి హయామట! పాకలో వానకి తడుస్తూ, అమ్మో అమ్మో అని మూలిగిన తండ్రి కళ్ళ ముందు మెదిలాడు. అబద్ధం, అబద్ధం అని ఆ కప్పు ఎగిరిపోయేలా అరవాలని నోటిదాకా వచ్చింది. చొక్కా పట్టుకుని కిందకి లాగాలని చేతులు దురద పెట్టాయి. పక్కనుంచి రమణమ్మ అతని తువ్వాలు కొస పట్టుకుంది. అతని మొహంలోకి చూసింది. ఆ అబద్ధం నిలబడితేనే ఆవిడ పాక నిలబడుతుంది. ఏలీయా వస్తాడు పోతాడని బుచ్చిరాజే చెప్పాక, ఏలీయా కిటికీ దగ్గర ఉండే అవకాశం లేదని ఎవడంటాడు? ఆ సంగతి ఏలీయాకీ తెలుసు. తండ్రి చావుని దిగమింగినట్టే ఆ అరుపునీ మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కోపంతో వచ్చినవే. జ్యోతిర్మయి, "ఇంక అడగాల్సింది లేదండి" అని కూర్చుంది.

వానాకాలం చివర తీర్పు వచ్చింది. వీలునామా నిజమైనదేనని, స్థలం రమణమ్మదేనని జడ్జిగారు చదివారు. సాక్షి కిటికీలోంచి అంతా చూశాడనీ, ఆ సాక్షి ఇంట్లోకి స్వేచ్ఛగా వచ్చేవాడని ప్రతివాదే ఒప్పుకున్నాడనీ కూడా చదివారు. రమణమ్మ కోర్టు మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అమలాపురం బస్టాండులో ఏలీయాకి కోవా కొనిపెట్టింది. ఏలీయా తినలేదు.

"ఏంటన్నయ్యా, గెలిచేం కదా?"

"నువ్వు గెలిచేవు, నాకు సంతోషమే" అన్నాడు ఏలీయా. "నన్నూ మా బాబునీ అరుగు మీద కూర్చోబెట్టి మర్యాద చేసేరని ఇప్పుడు కోర్టు కాగితాల్లోకి ఎక్కిపోయింది. రేపు నా మనవడు చదివినా అదే నమ్ముతాడు. నా కడుపు మండిపోతోందమ్మా. ఈ మంట ఎక్కడ ఆర్పుకోను?"

ఆదివారం చర్చి వదిలాక ఏలీయా ఇంటికి వెళ్ళలేదు. ఆ తెల్లబట్టల్లోనే తిన్నగా పెద్దింటికి నడిచాడు. పెరటి దారిన పోలేదు, వీధి గుమ్మానికి వెళ్ళాడు. అరుగు మీద బుచ్చిరాజు, సంఘం మనుషులు నలుగురూ కాఫీలు తాగుతున్నారు. ఏలీయా చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఒరే..." అని లేచాడు బుచ్చిరాజు. పక్కనున్నవాళ్ళు తలలు తిప్పారు. వాళ్ళలో ఇద్దరు ఆవేళ కోర్టులో ఉన్నవాళ్ళే.

"ఆయ్, రాజుగారూ" అన్నాడు ఏలీయా, రెండో మెట్టు ఎక్కుతూ. "గదుల్లోకి కూడా వస్తాడు పోతాడని ప్రమాణం చేసి చెప్పేరు కదండీ. చాన్నాళ్ళయింది, ఓసారి వచ్చి పోదామని. వద్దంటారా?"

బుచ్చిరాజు మొహం మాడిపోయింది. వద్దంటే ఏమవుతుందో తెలుసు, రమ్మనడానికి నోరు రాదు. ఏలీయా అతని సమాధానం కోసం ఆగలేదు. గుమ్మం దాటి, సావిడి దాటి, వెనకవైపు గదిలోకి వెళ్ళాడు.

చిన్న గది. ఎర్ర గచ్చు, గోడకి వాలుగా ఎత్తిపెట్టిన నవ్వారు మంచం. ఇంతేనా అనుకున్నాడు. దీనికోసమేనా తరతరాలుగా ఈ కాపలా! కిటికీ దగ్గరకెళ్ళి బయటికి చూశాడు. నుయ్యి కనిపించింది. గోడవారన తను ఒళ్ళు ముడుచుకుని నిలబడ్డ చోటు కనిపించింది. దూరాన పశువుల పాక చూరు కూడా కనిపించింది. ఆవేళ ఈ గదిలో ఎవరున్నా వాళ్ళకి తన తండ్రి అక్కడ పడి ఉండడం కనబడే ఉంటుంది. ఏలీయా జేబులోంచి సుబ్బాయమ్మ ఇచ్చిన కలం తీసి, లోపలివైపు నుంచి, కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఇదిగోండి అమ్మగారూ మీ కలం" అని పైకే అన్నాడు. వచ్చిన దారినే, అరుగు మీద నుంచే దిగిపోయాడు.

ఇంటిని చుట్టి పెరటి వైపు వచ్చేసరికి లోపల్నుంచి చప్పుడు వినిపించింది. గచ్చు మీద బిందెలతో నీళ్ళు గుమ్మరించిన చప్పుడు. తర్వాత చీపురు చప్పుడు. తను నిలబడ్డ గది కడిగిస్తున్నారు. తూములోంచి నీళ్ళు బయటికొచ్చి అతని కాళ్ళ దగ్గర పారాయి.

ఏలీయా తిన్నగా నూతి దగ్గరకి నడిచాడు. చేద అందుకుని నూతిలోకి వదిలాడు. నిండా తోడాడు. గట్టు మీద పెట్టుకుని దోసిలి పట్టకుండా, చేద ఎత్తి గటగటా తాగాడు. చొక్కా ముందంతా తడిసింది. కిటికీలో బుచ్చిరాజు మొహం కనిపించింది.

"కడిగించండి రాజుగారూ, బాగా కడిగించండి" అన్నాడు ఏలీయా, అరుగు మీదవాళ్ళకి కూడా వినబడేలా. "ఈ నుయ్యి కూడా తోడించండి. తొందరేం లేదు, నెమ్మదిగా ఆరనివ్వండి. నేను రేపు మళ్ళీ వస్తాను."